నలుగురు కూడు చోటు

ఆదివారమునాడు హైదరాబాదు నగరమందలి ఆబిడ్సు వీథి వేఱొక రూపమున కనబడును. తక్కిన దినములలో జనముతో క్రిక్కిరిసియుండు పెద్ద అంగళ్లలో పెక్కింటి తలుపులు నాడు మూయబడియుండును. ఆ మూసిన తలుపుల ముందు, కాలిబాటమీద, పాతపుస్తకముల వర్తకులు పట్టలు పఱచి గ్రంథములు పేర్చుదురు. పాఠ్యపుస్తకము వెదకు పేద విద్యార్థియు, అరుదైన నిఘంటువు వెదకు పండితుడును ఒకే కుప్పముందు ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఒకరినొకరు ఎఱుగనివారు సైతము ఒక పుస్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందురు. ఎవరికిని సొంతము కాని ఆ కాలిబాట కొన్ని గంటలపాటు అందఱకును సొంతమగును.

నగరమునకు ఇట్టి చోటులు మిక్కిలి అవసరము. ఇల్లు కుటుంబమునకు చెందినది. అంగడి వర్తకునకు చెందినది. కచేరి ప్రభుత్వమునకు చెందినది. ఈ మూటికిని వెలుపల పౌరులు కూడి తమ కష్టసుఖములు చెప్పుకొనుటకును, అన్యాయమును గూర్చి ఆలోచించుటకును, పాటయో నాటకమో కలిసి చూచుటకును ఒక చోటు కావలయును. పల్లెలలో రచ్చబండ ఆ పని చేసెను. పట్టణమున చెట్టునీడ చాలదు. గది కావలయును, దీపము కావలయును, వానికి వెల చెల్లించువారును, వానిని కాపాడువారును కావలయును. ఆబిడ్సు, నాంపల్లి, వానికి చేరువనున్న సుల్తాను బజారు, ఈ మూడు ప్రాంతముల చరిత్ర చదివినచో అట్టి చోటు ఎట్లు ఏర్పడునో, ఎట్లు నిలుచునో తెలియగలదు.

నాంపల్లి రైలుస్టేషను త్రోవలో, ఆబిడ్సునకు దగ్గఱగా, ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అను పాత గృహము కలదు. ‘బంగరు గడప’ అని ఆ పేరునకు అర్థము. సరోజినీనాయుడు 1905 లో వెలువరించిన తొలి కవితాసంపుటి పేరే ఆ యింటికి నిలిచినది. అందు నివసించిన ఆమె తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయుడు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రము నభ్యసించి డాక్టరు పట్టము పొంది, హైదరాబాదునకు వచ్చి విద్యావ్యాప్తికై పాటుపడిన మహనీయుడు. ఆయన యిల్లు పండితులకును, కవులకును, మతభేదము లేక స్నేహితులకందఱకును తెఱచియుండెడిది.

ఆ కాలమున పౌరులు కూడి ప్రభుత్వమును ప్రశ్నించుట సామాన్యవిషయము కాదు. 1883 లో చాందా రైలుమార్గ పథకము చర్చకు వచ్చెను. దాని నిబంధనలవలన సంస్థానమునకు పెనుభారము కలుగునని పలువురు శంకించిరి. అఘోరనాథుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారు కూడి ఆ పథకముయొక్క వివరములను ప్రజలకు తెలుపవలెనని కోరిరి. వారు కత్తి పట్టలేదు, కట్టడమును కూల్చలేదు, తెలిసికొనగోరిరి, అంతియే. అంతమాత్రమునకే ఆ సంవత్సరము మే నెలలో అఘోరనాథుడు నగరమునుండి బహిష్కరింపబడెను. కొంతకాలమునకు ఆయన మరల రాగలిగెను గాని, నలుగురు కూడి ఒక ప్రశ్న వేయుటకు ఎంత వెల చెల్లింపవలసి వచ్చెనో ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

బహిరంగముగా సభలు జరుపుట కష్టమైన చోట పుస్తకములగది సభామందిరమగును. 1901 సెప్టెంబరు 1 వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము హైదరాబాదున స్థాపింపబడెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు దానికి మూలపురుషులు. రావిచెట్టు రంగారావు తన గృహముననే దానికి తొలుత చోటిచ్చెను. నాడు రెసిడెన్సీ బజారుగా పిలువబడిన నేటి సుల్తాను బజారు ప్రాంతమున అది వర్ధిల్లెను. ఆ ప్రాంతము 1933 వఱకు ఆంగ్ల రెసిడెంటు అధికారము క్రింద నుండెను. కావున నగరమందలి తక్కిన భాగములకంటె అచ్చట కూడుటకు కొంత వెసులుబాటు కలిగెను. గ్రంథాలయమునకు వచ్చినవారు పత్రికలు చదివిరి. చదివినదానిని గూర్చి మాటాడుకొనిరి. మాటాడుకొన్నదానినుండి పనులు పుట్టెను. రంగారావు మరణించిన పిదప ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఆ సంస్థకు ధనసహాయము చేసి, భర్త నాటిన మొక్కకు నీరు పోసెను. ఇట్లొక కుటుంబము ఇచ్చిన గది క్రమముగా ఒక జాతికి నిలయమాయెను.

సభాభవనము ఉండుట ఒకటి, అందు మాటాడ గలుగుట వేఱొకటి. ఈ సత్యము 1921 నవంబరు నెలలో తేటతెల్లమాయెను. ఆ నెల 12 వ తేదీన వివేకవర్ధినీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహర్షి ధోండో కేశవ కర్వే అందు అధ్యక్షుడు. ఇతరభాషలలోని ఉపన్యాసములను సభాసదులు శ్రద్ధతో వినిరి. అంత న్యాయవాదియగు ఆలంపల్లి వేంకటరామారావు లేచి తెలుగున మాటాడ మొదలిడెను. వెంటనే సభలో నవ్వులును, కేకలును, చప్పట్లును చెలరేగెను. ఆయన మాట ముందునకు సాగలేదు. నిజాం రాష్ట్ర జనులలో ఇంచుమించు సగముమంది మాటాడు భాషకు, ఆ రాష్ట్ర రాజధానిలో, అదియును సంఘమును సంస్కరింప బూనిన సభలో, జరిగిన గౌరవమిది!

అవమానింపబడినవారు ఎదురుకేకలు వేయుటకు పూనుకొనలేదు. ఆనాటి రాత్రియే టేకుమాల రంగారావు ఇంట కొలదిమంది కూడి ‘ఆంధ్ర జన సంఘము’ను స్థాపించిరి. ఆ కొలదిమందిలో మాడపాటి హనుమంతరావు ఒకడు. పిదప ఆయన ఆ సంఘమునకు కార్యదర్శియై గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పుటకు అహర్నిశలు కృషిచేసెను. ఒక గదిలో వెలిగిన ఆ దీపమే 1930 లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభగా విస్తరిల్లెను.

ఆ దినములలో సభ జరుపవలెనన్న అధికారుల ముందస్తు అనుమతి పొందవలసియుండెను. ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తర్వు ఈ విషయమున ప్రసిద్ధికెక్కినది. అనుమతికై వేచియుండుటలోనే దినములు గడచిపోయెడివి. అనుమతి లభించినను నిబంధనలు వెంటనుండెడివి. నేడు శాంతియుతముగా, ఆయుధములు లేక సభ చేరుకొను హక్కును భారతరాజ్యాంగము 19 వ అధికరణమున పౌరులకు ప్రసాదించినది. ఈ వాక్యము చదువుటకు సులభము. దీనివెనుక బహిష్కరణములును, భంగపడిన సభలును, తిరస్కరింపబడిన దరఖాస్తులును ఎన్నియో కలవు.

ఆబిడ్సు ప్రాంతమున 1918 లో స్థాపింపబడిన రెడ్డి వసతిగృహము చదువుకొను బాలురకు ఆశ్రయమిచ్చినది. 1943 మే 26 వ తేదీన అచ్చటనే తెలుగుభాషాభిమానులు సమావేశమై నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తును స్థాపించిరి. ఆ పరిషత్తు గ్రంథములను ప్రచురించెను. ప్రాథమిక, ప్రవేశ, విశారద అను పరీక్షలు జరిపి తెలుగు చదువునకు దారి చూపెను. దేవులపల్లి రామానుజరావు దీర్ఘకాలము దానికి సేవచేసెను. కాలక్రమమున పరిషత్తు తిలక్ రోడ్డున స్వంత భవనమును పొందెను. పేరు మాఱి ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆయెను. 2014 లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప తెలంగాణ సారస్వత పరిషత్తు ఆయెను. పేరు మాఱినను, పుస్తకావిష్కరణములకును, సంస్మరణసభలకును, చర్చలకును ఆ మందిరమును వెదకికొని వచ్చువారు తగ్గలేదు.

నాంపల్లిలో మఱియొక విధమైన ప్రయత్నము జరిగెను. 1938 లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందఱు, రాష్ట్రముయొక్క ఆర్థికస్థితిని పరిశీలించుటకు వలయు ధనమును సమకూర్చదలచి, పబ్లిక్ గార్డెన్సులో ఒక ప్రదర్శనమును ఏర్పాటుచేసిరి. అదియే ‘నుమాయిష్’. అది పెరిగి పెద్దదై 1946 లో మొజంజాహీ మార్కెట్టునకు చేరువనున్న నేటి మైదానమునకు తరలెను. 1947, 1948 సంవత్సరములలోని కల్లోలమువలన నిలిచిపోయి, 1949 లో తిరిగి ఆరంభమాయెను. నేటికిని జనవరి మాసమున మొదలై ఇంచుమించు 45 దినములు జరుగుచుండును. కాశ్మీరపు శాలువలు అమ్మువారును, నగరమున చిన్నతరహా వస్తువులు చేయువారును అచ్చట కలిసికొందురు. దానినుండి వచ్చు ఆదాయముతో ప్రదర్శన సంఘము విద్యాసంస్థలను నడుపుచున్నది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నికు అందు ముఖ్యములు. ఒకడు వినోదమునకై కొన్న ప్రవేశపత్రము వేఱొక బాలిక చదువునకు సాయమగుచున్నది.

బంగరు గడప కథయు ఇట్లే కొనసాగినది. సరోజినీనాయుడు కుమార్తె పద్మజానాయుడు ఆ యింటిని ప్రజోపయోగమునకు ఒసగెను. 1974 లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలిదినములలో ఆ యింటనే పనిచేసెను. విశ్వవిద్యాలయము గచ్చిబౌలికి తరలిన పిమ్మట నాటక, సాహిత్య కార్యక్రమములకు ఆ ఆవరణము ఉపయోగపడెను. ఒకప్పుడు స్నేహితులకు తెఱచిన తలుపు పిదప ఊరికే తెఱువబడెను.

ఈ వృత్తాంతములన్నింటిని పరిశీలించినచో కొన్ని విషయములు బోధపడును. మొదటిది: ఉమ్మడి చోటు దానంతట అది ఏర్పడదు. ఎవరో ఒకరు తమ గదిని ఇత్తురు, వేఱొకరు ధనమిత్తురు, మఱొకరు సాయంకాలము పనులు మాని వచ్చి పుస్తకములు సర్దుదురు. గొప్ప దాత ఒక్కసారి ఇచ్చిన విరాళముకంటె, నెలనెలయు తప్పక చెల్లించు చిన్న చందాయే సంస్థకు ఎక్కువ బలము. పునాదికి రాయి పెట్టునాడు వచ్చువారు వేయిమంది. పైకప్పు కారునాడు వచ్చువారే నిజమైన సభ్యులు. దీపపు ఖర్చు, కాపలావాని జీతము, విఱిగిన బల్లకు మేకు, ఇవి ఎవరి ఉపన్యాసములోను వినబడవు. కాని ఇవి లేనినాడు ఉపన్యాసమే లేదు.

రెండవది: లెక్క తేటగా నుండవలయును. పదుగురి సొమ్ముతో నడచు చోట జమాఖర్చులను పదుగురును చూడగలిగియుండవలయును. లెక్క దాచిన సంస్థలో మొదట అనుమానము, పిదప కలహము, తుదకు తాళము ప్రవేశించును.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఉమ్మడి చోటున మనకు నచ్చిన మాటకు చప్పట్లు కొట్టుట సులభము. నచ్చని మాటను తుదివఱకు వినుటయే కష్టము. 1921 లో నవ్వులపాలైన భాష నేడు ఆ నగరముననే సగర్వముగా వినబడుచున్నది. ఆ భాష మాటాడువారికి ఇందువలన ఒక బాధ్యత కలిగినది. ఆబిడ్సు, నాంపల్లి వీథులలో తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడము మొదలగు భాషలు వినబడును. వలసవచ్చిన కూలివాడు తడబడుచు రెండు మాటలు చెప్పబోయినచో, అతనిని చూచి నవ్వినవారు ఆలంపల్లి వేంకటరామారావును చూచి నవ్వినవారివంటివారే యగుదురు. అవమానమునుండి పుట్టిన సంస్థ ఇతరులను అవమానింపకుండుటయే దాని వ్యవస్థాపకులకు తగిన నివాళి.

నేడు నగరమున భూమి వెల ఎంతయో పెరిగినది. పాతయిండ్ల స్థానమున అంగళ్లు లేచుచున్నవి. వర్తకమునకు వినియోగపడని ప్రతి గదియు వ్యర్థమని తలచువారు లేకపోలేదు. అట్టివారికి సమాధానము వాదములో దొరకదు, వాడుకలో దొరకును. నిత్యము జనులు వచ్చిపోవు గ్రంథాలయమును మూయుటకు ఎవ్వరికిని చేయి రాదు. దుమ్ము పట్టిన గ్రంథాలయమును కాపాడుట ఎవ్వరికిని శక్యము కాదు. కావున ఉమ్మడి చోటునకు చేయదగిన మొదటి సహాయము ధనము కాదు. అచ్చటికి పోవుటయే.

ఆదివారమునాటి సాయంకాలమున ఆబిడ్సులోని పుస్తకవర్తకులు మిగిలిన గ్రంథములను మూటలు కట్టికొని పోవుదురు. మరునాటి ఉదయమున ఆ కాలిబాట మరల నడకదారి యగును. అచ్చట గోడ లేదు, పైకప్పు లేదు, తాళము లేదు. అయినను మరుసటి ఆదివారమునకు ఆ సభ మరల కూడును. ఏలయన, దానిని ప్రతివారమును తిరిగి కట్టువారు కలరు.