ఆటోక్యాడ్ ప్లాన్ ప్రింట్‌లో లైన్లు కనబడట్లేదా? కలర్స్, లైన్‌వెయిట్ ఇలా సెట్ చేసుకోండి

పోయిన నెల పుట్టపర్తిలో మా మామ కొత్త ఇంటికి మార్కింగ్ వేయించాడు. 30×40 సైట్. ప్లాన్ నేనే ఆటోక్యాడ్‌లో గీసి, కలర్ ప్రింట్ తీయించి ఇచ్చా. ల్యాప్‌టాప్ నల్ల స్క్రీన్ మీద కొలతలు పసుపు రంగులో మెరిసిపోయాయి. తెల్ల కాగితం మీద మాత్రం దాదాపు మాయం! మేస్త్రీ అందాజాగా ముగ్గు పోస్తే బాత్రూమ్ గోడ 9 అంగుళాలు పక్కకు జరిగింది. పునాది తవ్వకముందే మామ టేపు పెట్టి చూశాడు కాబట్టి సరిపోయింది. తప్పు మేస్త్రీది కాదు, నా ప్రింట్ సెట్టింగ్‌ది.

అసలు విషయం ఏంటంటే, క్యాడ్‌లో కలర్ అంటే ఒక రకంగా పెన్ను నంబర్. పాత పెన్ ప్లాటర్లలో నిజంగానే వేర్వేరు మందాల పెన్నులు పెట్టేవాళ్లు. ఏ కలర్‌కి ఏ పెన్ను అన్నది ఇప్పుడు సీటీబీ ఫైల్ చెప్తుంది.

స్టెప్ 1: లేయర్లకు 1 నుంచి 255 వరకు ఉండే ఇండెక్స్ కలర్స్ మాత్రమే ఇవ్వండి. ట్రూ కలర్ ఇస్తే సీటీబీ దాన్ని పట్టించుకోదు, ఆ లైన్ రంగులోనే ప్రింట్ అవుతుంది.

స్టెప్ 2: కంట్రోల్ + పీ కొట్టి, ప్లాట్ స్టైల్ టేబుల్‌లో మోనోక్రోమ్.సీటీబీ ఎంచుకోండి. ఆ బాక్స్ కనబడకపోతే కింద కుడి మూల ఉన్న బాణం నొక్కండి.

స్టెప్ 3: పక్కనున్న ఎడిట్ బటన్ నొక్కి, ఫామ్ వ్యూలో ఒక్కో కలర్‌కి లైన్‌వెయిట్ ఇవ్వండి. నేను వాడేవి ఇవీ:
- కలర్ 1 (ఎరుపు), గోడలు: 0.50 మి.మీ.
- కలర్ 3 (ఆకుపచ్చ), తలుపులు, కిటికీలు: 0.25 మి.మీ.
- కలర్ 2 (పసుపు), కొలతలు, అక్షరాలు: 0.18 మి.మీ.
- కలర్ 8 (బూడిద), హ్యాచ్: 0.13 మి.మీ.

స్టెప్ 4: ఒరిజినల్ ఫైల్‌ని పాడుచేయకుండా సేవ్ యాజ్‌తో మీ సొంత పేరు పెట్టి, ప్లాట్ బాక్స్‌లో ఆ కొత్త ఫైల్‌నే ఎంచుకోండి. "ప్లాట్ విత్ ప్లాట్ స్టైల్స్"కి టిక్ ఉందో లేదో చూసి, ప్రివ్యూ కొట్టండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు:

సీటీబీ అనేది డ్రాయింగ్ లోపల ఉండదు, విడి ఫైల్. డీడబ్ల్యూజీ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే షాపు కంప్యూటర్‌లో మీ సెట్టింగ్స్ ఉండవు. ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో రెండూ కలిపి పంపండి. ఇంకా మంచిది, పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

ఏ3 పీడీఎఫ్‌ని ఏ4 మీద "ఫిట్" పెట్టి తీస్తే లైన్ల మందంతో పాటు స్కేల్ కూడా సుమారు 71 శాతానికి తగ్గిపోతుంది. 1:50 అని రాసి ఉన్నా స్కేలు పెట్టి కొలిస్తే తప్పే వస్తుంది. యాక్చువల్ సైజ్‌లోనే తీయించండి.

ఇంకోటి, ఈ బ్లాక్ అండ్ వైట్ సెట్టింగ్ సైట్‌లో పనికి మాత్రమే. అనుమతికి పెట్టే ప్లాన్‌లో కొత్త కట్టడం ఎరుపు, కూల్చేది పసుపు లాంటి రంగులకు అర్థం ఉంటుంది. దానికి విడిగా ఇంకో సీటీబీ చేసుకోండి.

మామకి రెండో ప్రింట్ ఇచ్చేముందు కాగితాన్ని చేయి చాచి ఎండలో పట్టుకుని చూశా. ప్రతి కొలతా చదవగలిగా. మీరు కూడా ఆ టెస్ట్ చేశాకే మేస్త్రీ చేతికి ఇవ్వండి.