పాత ఆంప్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల స్టూడియోల్లో గిటార్ వాయించేవారికీ, సామాను అద్దెకిచ్చేవారికీ ఈ నాలుగు ముక్కలు. ట్యూబ్ ఆంప్ వయసు తెలుసుకునేది గొప్పలకు కాదు, దాని మీద ముందుముందు ఎంత ఖర్చు పెట్టాలో లెక్కేసుకోవడానికి.

ముందుగా పేరు చూసి మోసపోకండి. ఫెండర్ '65 డీలక్స్ రివర్బ్ 1965లో తయారైంది కాదు. ఆ పాత నమూనాను కంపెనీ 1990లలో మళ్లీ తెచ్చింది. అసలుదానిలో భాగాలన్నీ చేత్తో టంకం వేసినవి, కొత్తదానిలో ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. ధరా వేరే, రిపేరూ వేరే.

ఫెండర్ పాత ఆంప్ లోపల ట్యూబుల పట్టిక కాగితం మీద రెండక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది ఏడాది, రెండోది నెల. 'ఏ' అంటే 1951. ఆ లెక్కన 'హెచ్ఈ' 1958 మే. తిరకాసు ఏమిటంటే, 1990 నుంచి వెనకాల అంటించే తనిఖీ స్టిక్కర్ మీదా రెండక్షరాలే, కానీ అక్కడ 'ఏ' అంటే 1990. అదే 'హెచ్ఈ' ఇక్కడ 1997 మే! ముద్ర కాగితం మీదుందా, స్టిక్కర్ మీదుందా చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. స్పీకర్ మీద 220632 అని ఉంటే 220 జెన్సన్ కంపెనీ, 6 ఏడాది చివరి అంకె, 32 వారం. స్పీకర్ మార్చేసి ఉండొచ్చు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీది అంకెలతోనూ సరిచూడండి. అక్కడ మొదట 606 ఉంటే అది షూమాకర్ కంపెనీది.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఆంప్ అయితే వెనక 120 వోల్టులని ఉంటుంది. మన 230లో తిన్నగా పెడితే కొంపలంటుకుంటాయి. ప్లేటు మీది వాట్లకు రెట్టింపు మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. అది వోల్టేజీని తగ్గిస్తుందే కానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. ఆంప్ లోపల 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది ఎక్కువ వేడెక్కుతుంది. ఎండాకాలం సెషన్లలో మధ్యమధ్య ఆపడం మంచిది.

గుర్రుమనే మోత పెరిగితే ముందు ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించండి. పదిహేనేళ్లు దాటితే వాటి ఆయుష్షు మీద నమ్మకం పెట్టుకోలేం. కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు పాతదాని మీదున్న వోల్టులకు తగ్గనిది అడగండి. వాటిని మార్చడం మాత్రం అనుభవమున్న మెకానిక్ పని. ప్లగ్ పీకేశాక కూడా లోపల 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో దించి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

మీరు చేసుకోగలిగిందీ ఉంది. చిన్న ట్యూబులను పెన్సిల్‌తో మెల్లగా తట్టండి, టంగుమని మోగిందాన్ని చల్లారాక మార్చండి. పెద్ద 6ఎల్6, 6వి6 ట్యూబులు జతగా కొని, బయాస్ సరిచేయించాలి. స్పీకర్ తీగ ఊడి ఉండగా ఆంప్ మోగించారో, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ఎసరు.

బేరమాడేటప్పుడు కెపాసిటర్లు, పవర్ ట్యూబుల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వెనక మూత విప్పి చూపించనంటే ఆ ఆంప్ వదిలేయండి.