పదమూడేళ్ల పిల్లాడికి కాలేజీ క్లాసు: చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, బే ఏరియాలో ఉంటాం. మా అబ్బాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఆల్జీబ్రా 2 అయిపోయింది, ఆ పైన చెప్పడం నా వల్ల కావడం లేదు. కమ్యూనిటీ కాలేజీలో ప్రీకాల్కులస్ తీసుకుందామంటే ఒకచోట హైస్కూల్ ప్రిన్సిపాల్ సంతకం తెమ్మన్నారు, ఇంకోచోట వయసు చాలదన్నారు. మావారిది హెచ్-1బి, నాదీ బాబుదీ హెచ్-4. మాకు చట్టంలో ఏమైనా హక్కు ఉందా?

జవాబు: ఉందమ్మా. కాకపోతే అది సీటు పొందే హక్కు కాదు, అడిగే హక్కు. ఈ తేడా ముందే తెలిసి వెళ్తే కౌంటర్ దగ్గర వాదనలు సగం తగ్గుతాయి.

కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్‌లో సెక్షన్ 48800.5 అని ఒకటుంది. ప్రభుత్వ బడిలో పేరు లేని పిల్లల తల్లిదండ్రులు ఏ కమ్యూనిటీ కాలేజీ ప్రెసిడెంటుకైనా నేరుగా పిటిషన్ పెట్టుకోవచ్చని అందులో ఉంది. మా పిల్లాడు పై స్థాయి చదువు అందుకోగలడు, దానివల్ల అతనికి మేలు జరుగుతుంది అని చూపించాలి. ప్రభుత్వ బడి పిల్లలు తమ ప్రిన్సిపాల్ సిఫార్సుతోనో, స్కూల్ బోర్డు అనుమతితోనో రావాలి. మీకు ఆ మెట్టు అక్కర్లేదు. ‘ఏ కాలేజీకైనా’ అన్నది గుర్తు పెట్టుకోండి. మీ ఊరి కాలేజీకే వెళ్లాలన్న నిర్బంధం ఎక్కడా లేదు.

ఇంతకీ చట్టం దృష్టిలో మీ అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. మిగతా జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కాలిఫోర్నియా చట్టంలో ‘హోమ్‌స్కూల్’ అని ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు బడికి వెళ్లాల్సిందే. ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లకు, టీచింగ్ క్రెడెన్షియల్ ఉన్న ట్యూటర్ దగ్గర చదివేవాళ్లకు మినహాయింపు ఉంది. ఇంట్లో చదివించే తల్లిదండ్రుల్లో చాలామంది తమ ఇంటినే ప్రైవేటు బడిగా నమోదు చేసుకుంటారు. ఇది దొడ్డిదారేమో అని భయపడే వాళ్లుంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2008 ఫిబ్రవరిలో ఒక అప్పీలు కోర్టు, క్రెడెన్షియల్ లేని తల్లిదండ్రులు ఇలా చదివించడం కుదరదని చెప్పి రాష్ట్రమంతా గగ్గోలు పుట్టించింది. తర్వాత అదే కోర్టు కేసును మళ్లీ విచారించి, ఆగస్టులో జోనథన్ ఎల్. తీర్పులో, ఇంటి చదువును ప్రైవేటు బడిగా నడపడం చట్టబద్ధమేనని తేల్చింది.

ఆ నమోదు జరిగేది ప్రైవేట్ స్కూల్ అఫిడవిట్ ద్వారా. ఏటా అక్టోబర్ 1 నుంచి 15 లోపు రాష్ట్ర విద్యాశాఖకు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. విద్యాశాఖ దాన్ని ఆమోదించదు, తిరస్కరించదు, నమోదు చేసుకుంటుందంతే. అందులో రాసినవి తప్పని తేలితే పర్జరీ (అబద్ధపు ప్రమాణం) కింద శిక్ష ఉంటుందన్న హెచ్చరిక మీద మీరు సంతకం చేస్తారు కాబట్టి, పుట్టిన తేదీల నుంచి చిరునామా దాకా నిజమే రాయండి. దాఖలయ్యాక వచ్చే కాపీని భద్రంగా దాచుకోండి.

ఇప్పుడు ప్రిన్సిపాల్ సంతకం సంగతి. అఫిడవిట్‌లో మీ ఇంటి బడికి ప్రిన్సిపాల్‌గా మీ పేరుంటే, కాలేజీ ఫారంలో ప్రిన్సిపాల్ గడిలో పెట్టాల్సింది మీ సంతకమే. తల్లి గడిలోనూ మీదే. నవ్వొచ్చినా అదే సరైన పద్ధతి. సంతకంతోపాటు అఫిడవిట్ కాపీ జతచేయండి. అక్కడి ఉద్యోగి రాష్ట్ర ప్రైవేటు బడుల జాబితా తీసి, అందులో మీ బడి పేరు లేదనవచ్చు. ఆరుగురి కంటే తక్కువమంది విద్యార్థులున్న బడుల పేర్లను విద్యాశాఖ ఆ జాబితాలో చేర్చదు. ఆ మాట మెల్లగా చెప్పండి. సాధారణంగా అక్కడితో సరిపోతుంది.

మీరు నమోదైంది ఒక చార్టర్ స్కూల్ ద్వారా అయితే కథ పూర్తిగా మారుతుంది. ఇంట్లో కూర్చుని చదివినా, వాళ్లిచ్చే డబ్బుతో పుస్తకాలు కొన్నా, మీ అబ్బాయి చట్టప్రకారం ప్రభుత్వ బడి విద్యార్థే. అప్పుడు 48800.5లోని నేరు పిటిషన్ మీకు వర్తించదు, సంతకం చార్టర్ అధికారి పెట్టాలి. మన తెలుగు కుటుంబాల్లో ఈ రెంటినీ కలగాపులగం చేసుకుని, చార్టర్‌లో ఉంటూనే ప్రిన్సిపాల్ గడిలో తామే సంతకం పెట్టేవాళ్లున్నారు. ఆ పని చేయకండి.

వయసు దగ్గర మీకు నచ్చని మాట చెప్పాలి. సెక్షన్ 76002 ప్రకారం వయసు, పూర్తిచేసిన తరగతి, అర్హత పరీక్షల ఫలితాలను బట్టి ఇలాంటి విద్యార్థులను పరిమితం చేసే అధికారం కాలేజీ డిస్ట్రిక్టుకు ఉంది. కాబట్టి ‘పద్నాలుగేళ్లు నిండాలి’ అనో ‘తొమ్మిదో తరగతి దాటాలి’ అనో వాళ్ల లిఖిత నియమం ఉంటే దాన్ని సవాలు చేయడం కష్టం. వయసు వివక్షను నిషేధించే 1975 నాటి ఫెడరల్ చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. చట్టసభలు చేసిన చట్టాల్లో ఉన్న వయసు తేడాలకు అది మినహాయింపు ఇచ్చింది. ఆ దారిలో డబ్బూ కాలమూ పోగొట్టుకోవాలని నేను సలహా ఇవ్వను.

మీరు చేయదగ్గవి రెండున్నాయి. ఆ నియమం ఎక్కడ రాసి ఉందో, బోర్డు పాలసీ నంబరు ఏమిటో మర్యాదగా అడగండి. నియమమే లేకుండా ‘చిన్నపిల్లాడు కదా’ అని కౌంటర్‌లో అనేశారేమో తెలిసిపోతుంది. అలాంటప్పుడే ప్రెసిడెంటుకు రాతపూర్వక పిటిషన్ పనికొస్తుంది. చదివిన పుస్తకాల పట్టిక, ఏదైనా పరీక్ష స్కోరు, బయటి టీచరు రాసిన లేఖ దానికి జతచేయండి. మీ అబ్బాయిని ‘హైలీ గిఫ్టెడ్’గా గుర్తించి ఉంటే, నిరాకరణకు కారణాలను డిస్ట్రిక్టు బోర్డు అరవై రోజుల్లో రాతపూర్వకంగా నమోదు చేయాలని సెక్షన్ 76001 చెబుతోంది.

రెండోది, ఇంకో డిస్ట్రిక్టు చూసుకోవడం. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలు, 73 డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఎవరి నియమం వారిదే. ఆన్‌లైన్ క్లాసులు వచ్చాక దూరం పెద్ద అడ్డంకి కాదు. మన ఊరి కాలేజీతో పోట్లాడి గెలవడం కంటే, రెండు గంటల ప్రయాణం దూరంలోని కాలేజీలో ఆన్‌లైన్ సెక్షన్ పట్టుకోవడమే చాలాసార్లు తెలివైన పని.

కోర్సు వెతికేటప్పుడు ఇంకో సంగతి. మీ అబ్బాయిలాంటి వాళ్లను ‘స్పెషల్ పార్ట్‌టైమ్’ విద్యార్థులంటారు. సెమిస్టర్‌కు 11 యూనిట్లు మించకూడదు, మీకు అంత అవసరమూ లేదు. రిజిస్ట్రేషన్‌లో వీళ్లకు ప్రాధాన్యం తక్కువగా ఇవ్వాలని చట్టమే చెప్పింది. అంటే మీ వంతు వచ్చేసరికి సాయంత్రం సెక్షన్లు నిండిపోయి ఉంటాయి. వెయిట్‌లిస్టులో పేరు పెట్టడం, సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే పొట్టి కోర్సులు చూడటం అలవాటు చేసుకోండి. ప్రీకాల్కులస్‌కు ముందు ఫలానా కోర్సు చదివుండాలని కంప్యూటర్ ఆపేస్తే, ‘ప్రీరిక్విజిట్ చాలెంజ్’ ఫారం అడగండి. ముందస్తు అర్హత తనకు ఉందని చూపించుకునే హక్కు ప్రతి విద్యార్థికీ ఉంది.

ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. స్పెషల్ పార్ట్‌టైమ్ విద్యార్థులకు దీన్ని మాఫీ చేసే వీలు డిస్ట్రిక్టుకు ఉంది, చాలాచోట్ల చేస్తున్నారు కూడా. పుస్తకాల ఖర్చు, ఇతర చిన్న రుసుములు మీవే.

వీసా విషయం. హెచ్-4 మీద ఉన్న పిల్లలు స్టేటస్ మార్చుకోకుండానే చదువుకోవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా తీసుకోమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. అసలు చిక్కు నాన్‌రెసిడెంట్ ట్యూషన్ దగ్గర వస్తుంది, అది యూనిట్‌కు వందల డాలర్లలో ఉంటుంది. హెచ్-1బి, హెచ్-4 వాళ్లు కాలిఫోర్నియా నివాసులుగా గుర్తింపు పొందవచ్చు. టర్ము మొదలయ్యే నాటికి ఏడాదికి పైగా ఇక్కడే ఉన్నారని, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉందని లీజు, టాక్సు రిటర్ను, డ్రైవింగ్ లైసెన్సులతో చూపించాలి. పెళ్లికాని మైనర్ నివాసం తల్లిదండ్రుల నివాసాన్ని బట్టే లెక్క. అప్లికేషన్‌లో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగిన చోట, లేదని చెప్పే గడి ఉంటుంది. హెచ్-4 పిల్లలకు ఆ నంబరు ఉండదు కాబట్టి అది నింపకపోవడం తప్పు కాదు. బి-2 విజిటర్ వీసా మీద వచ్చిన మేనల్లుడినో చెల్లెలి కూతురినో ఇలాగే చేర్పిద్దామనుకుంటే మాత్రం కుదరదు.

చేరాక ఎదురయ్యే మార్పుకే మన ఇళ్లల్లో ఎక్కువ మంది తత్తరపడతారు. ‘ఫెర్పా’ అనే ఫెడరల్ చట్టం విద్యార్థి రికార్డుల గోప్యతకు సంబంధించింది. పిల్లలు బడిలో ఉన్నంతకాలం ఆ హక్కులు తల్లిదండ్రులవి. కాలేజీలో చేరిన రోజే, వయసు పదమూడైనా సరే, కాలేజీ రికార్డుల మీద హక్కులు విద్యార్థికి బదిలీ అవుతాయి. మీ అబ్బాయికి మిడ్‌టర్మ్‌లో ఎంతొచ్చిందని మీరు ప్రొఫెసర్‌ను అడిగితే ఆయన చెప్పకపోవచ్చు. అది పొగరు కాదు. టాక్సుల్లో మీరు అతణ్ణి డిపెండెంట్‌గా చూపిస్తే కాలేజీ మీకు చెప్పవచ్చు, చెప్పి తీరాలని లేదు. మొదటి వారంలోనే అబ్బాయితో రిలీజ్ ఫారం సంతకం చేయించండి. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ మాత్రం అతనే రాయాలి. తల్లి రాసిన ఈమెయిల్‌కు ‘మీ అబ్బాయిని రాయమనండి’ అని జవాబొస్తే నొచ్చుకోవద్దు.

అక్కడ పాఠం పెద్దవాళ్ల కోసం తయారైంది. చిన్నపిల్లాడున్నాడని నవలలో దృశ్యాన్నో చర్చలో మాటనో ఎవరూ తీసేయరు. గణితంలో ఆ బెడద తక్కువ, ఇంగ్లిష్ లేదా సైకాలజీ తీసుకునే ముందు సిలబస్ చదవండి. నేర్చుకోవడంలో వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో ఉన్న ఐఈపీ (ప్రత్యేక విద్యా ప్రణాళిక) కాలేజీలో పనిచేయదు. అక్కడ వికలాంగ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి అతనే సదుపాయాలు కోరుకోవాలి.

మార్కులు శాశ్వతం. పదమూడేళ్లప్పుడు వచ్చిన డి గ్రేడు రేపు యూనివర్సిటీ అప్లికేషన్‌లో కనపడుతుంది. డ్రాప్ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. సరైన కోర్సు ఎంచుకుంటే లాభమూ పెద్దదే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ అయ్యే మూడు సెమిస్టర్ యూనిట్ల కోర్సును హైస్కూల్లో ఒక ఏడాది చదువుతో సమానంగా లెక్కిస్తారు. ఏ కోర్సు బదిలీ అవుతుందో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. హైస్కూలు పూర్తికాకముందు ఇలా తీసుకున్న కోర్సుల వల్ల ఫ్రెష్‌మన్‌గా అప్లై చేసే అవకాశం పోదు.

ఇదంతా కాలిఫోర్నియాకే. వాషింగ్టన్ రాష్ట్రంలో హైస్కూల్ పిల్లలు కాలేజీ క్లాసులు తీసుకునే ‘రన్నింగ్ స్టార్ట్’ పథకంలో ట్యూషన్ ఉచితమే కాని అది పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లకు. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడిగా 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో గుర్తించింది, కాలేజీలో చేర్చుకునే నియమాలు మాత్రం కాలేజీని బట్టి మారతాయి.

మీరు అడగలేదు గాని, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. నాలుగైదేళ్లలో హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లే అవకాశం ఉంటే, అక్కడి కాలేజీలు ఇంటర్‌కు సమానమైన గుర్తింపు పొందిన బోర్డు సర్టిఫికెట్ అడుగుతాయి. ఇంటి బడి పేరుతో మీరిచ్చే డిప్లొమాకు, కొన్ని కమ్యూనిటీ కాలేజీ యూనిట్లకు అక్కడ ఆ విలువ దక్కదు. బాబు తొమ్మిదో తరగతిలోకి వచ్చేలోగా ఏ బోర్డు కింద ముగించాలో మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.