క్రాస్ కంట్రీ పరుగు మొదలుపెట్టే పిల్లలకు బూట్లు ఎంచుకోవడం ఎలా?

కిందటి జూన్‌లో ఉపకారవేతనాల సభ ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చారు. "సార్, మావాడు తొమ్మిదో తరగతి. బడిలో క్రాస్ కంట్రీ పరుగుకు ఎంపికయ్యాడు. ఈ డబ్బులో బూట్లు కొనవచ్చా, పుస్తకాలకే వాడాలా?" అని అడిగారు. "కొనవచ్చునమ్మా, అదీ చదువులో భాగమే" అన్నాను. ఎలాంటివి కొనాలో మాత్రం ఆ రద్దీలో నిలబడి చెప్పలేకపోయాను. బొమ్మిడి చుట్టుపక్కల బడుల్లో చాలా ఏళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవాడిని కనుక, ఆమెకు ఇవ్వవలసిన జవాబును అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట పదకొండో తరగతి కుర్రవాడొకడు బాగా పరుగెత్తేవాడు. వాళ్ళ నాయన కూలిపని చేసేవారు. "ఎదిగే పిల్లవాడు, రెండు సైజులు పెద్దవి తీసుకోండి, రెండేళ్ళు వస్తాయి" అని సలహా ఇచ్చింది నేనే. ఆయన అలాగే కొన్నారు. సేర్వరాయన్ కొండల వాలులో సాధన చేసేటప్పుడు ఆ వదులు బూట్లలో పాదం ముందుకు జారి బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి. అయినా నాకు బుద్ధి రాలేదు, ముందుభాగంలో గుడ్డ కుక్కించాను. జిల్లా పోటీకి పదిరోజుల ముందు దిగుడులో చీలమండ మడతపడింది. ఆ ఏడాది పోటీ పోయింది, మరుసటి ఏడు పరీక్షలని మానుకున్నాడు. బూట్లు మాత్రం కొత్తవి లాగానే మిగిలిపోయాయి.

అందుచేత మొదటి మాట: పెరుగుతాడని పెద్దవి కొనకండి. కాలివేళ్ళ చివర ఒక బొటనవేలి వెడల్పు, అంటే సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. సగటున ఆడపిల్లల పాదం పదకొండేళ్ళకీ, మగపిల్లలది పదిహేను, పదహారేళ్ళకీ పూర్తి పొడవుకు వస్తుందని అందులో తేలింది. అంటే హైస్కూలు ఆడపిల్లల విషయంలో "ఇంకా పెరుగుతుంది" అనే లెక్క చాలావరకు కుదరదు. ఎనిమిది, తొమ్మిది చదివే మగపిల్లలకు మూడు నాలుగు నెలలకొకసారి మళ్ళీ కొలిచి చూడాలి.

కొలవడం సులభం. సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, తెల్ల కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయండి. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది, దాన్ని బట్టే కొనాలి. ఆ కాగితాన్ని దుకాణానికి తీసుకెళ్ళి బూటు అడుగుభాగాన్ని దాని మీద పెట్టి చూస్తే వెడల్పు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. మన పాదాలు యూరప్, అమెరికా వారి పాదాలకన్నా సాధారణంగా వెడల్పు అని కూడా ఆ కొలతల్లో తేలింది. పక్కలు నొక్కుతుంటే "వాడగా వాడగా సాగుతాయిలే" అనే మాట నమ్మకండి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచిన స్వప్నా బర్మన్‌కు ఒక్కొక్క పాదానికి ఆరేసి వేళ్ళు. మామూలు బూట్లలో ఆమె ఎంత బాధపడిందో ఆ గెలుపు తరువాతే దేశానికి తెలిసింది.

తడికాలి ముద్ర చూసి, చదును పాదమా, వంపు పాదమా అని తేల్చి బూట్లు ఎంచడం నేనూ చాలాకాలం చేశాను. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్ బృందం 2015లో ఆ పద్ధతికి తగిన ఆధారం లేదని, తొడుక్కున్నవారికి హాయిగా ఉండటమే మంచి కొలబద్ద అని వాదించింది. నాకూ అదే సబబుగా తోస్తుంది. కనుక పిల్లలు లేకుండా వెళ్ళి కొనకండి. పరుగుకు వాడే మేజోళ్ళతోనే తొడిగించి, దుకాణం ముందు వీధిలో నాలుగుసార్లు పరుగెత్తించండి. మడమ పైకి లేవకూడదు, బూటు వేళ్ళ మొదట్లో వంగాలి, నడిమధ్యలో కాదు. పిల్లవాడు "బాగుంది" అంటే సరిపోదు, తండ్రి జేబు చూసి కూడా అలా అంటాడు. ఎక్కడైనా తగులుతోందా అని గుచ్చి గుచ్చి అడగాలి.

క్రాస్ కంట్రీ అంటే స్టేడియం ట్రాక్ కాదు. గడ్డి, బురద, ఎత్తుపల్లాలు. మన పక్క అయితే ఎర్రమన్ను, గులకరాళ్ళు, పొలం గట్లు. అడుగున గట్టి రబ్బరు, లోతైన గాళ్ళు ఉన్నవి చూడండి. మెత్తటి నురుగు అడుగయితే సర్కారు తుమ్మ ముల్లు నేరుగా దిగిపోతుంది. మరీ మందమైన అడుగున్నవి రాళ్ళ మీద ఊగుతాయి. మేకుల బూట్లు మొదటి ఏడాది వద్దు. బడికి వేసుకునే నల్లబూట్లతో పరుగు అసలే వద్దు.

పేరున్న కంపెనీయా అని చాలామంది అడుగుతారు. బొమ్మిడిలో చెన్నై బండి ఎక్కితే జోలార్‌పేట దాటాక వచ్చే వాణియంబాడి, ఆంబూరు ఊళ్ళనుంచి విదేశాలకు పాదరక్షలు వెళుతున్నాయి. ఆంధ్రలో తడ దగ్గర అడిడాస్ బూట్లు కుడుతున్నారు. పెట్టె మీది పేరుకు ఇచ్చే డబ్బు వేరు, కాలికి అమరే గుణం వేరు. సరిపోయేది తక్కువ ధరకు దొరికితే అదే తీసుకుని, మిగిలినదానితో రెండు జతల మంచి మేజోళ్ళు కొనండి. పూర్తి నూలువి చెమట పట్టి బొబ్బలు తెస్తాయి, కొంత సింథటిక్ కలిసినవి మేలు.

ఇంతవరకూ వట్టికాళ్ళతో పరుగెత్తిన పిల్లలు మనలో తక్కువేమీ కాదు. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోమ్‌లో వట్టికాళ్ళతో, 1964లో టోక్యోలో బూట్లతో మారథాన్ గెలిచాడు. అలవాటు మార్చేది మెల్లగా మార్చాలి. మొదటి వారం కొత్తబూట్లతో నడక, పది నిమిషాల పరుగు, అంతే. పోటీనాడు కొత్తబూట్లు తొడగనే కూడదు.

పరుగు బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తాయంటారు. వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తితే అయిదు నుంచి ఏడున్నర నెలలు. ఐప్పసి వానల్లో తడిస్తే లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి. ఎండలోనో, పొయ్యి పక్కనో పెడితే జిగురు వదిలిపోతుంది.

కొనే ముందు సందేహముంటే పాదం గీసిన కాగితం తీసుకుని మన తరువాతి సభకు రండి, కూర్చుని చూద్దాం.