మెట్లు కట్టించబోతున్న మేనకోడలికి

విజయవాడ

చిరంజీవి అమ్మలుకి,

బందరు నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. మేస్త్రి ఏమన్నాడో కూడా రాశావు. పాత మెట్ల మీదే అంగుళం మందాన సిమెంటు వేసి, పైన నున్నటి గ్రానైటు పరిస్తే రెండు రోజుల్లో పని తేలిపోతుందన్నాడు. ఆ పని చేయించకమ్మా. డబ్బు మిగిలినట్టే ఉంటుంది గానీ, మీ అత్తగారు రోజూ ఎక్కి దిగే దారి ఇప్పటికన్నా ప్రమాదంగా తయారవుతుంది. పాతవి పగలగొట్టించి, నేలలోంచి కొత్తగా కట్టించు. మెట్ల ఎత్తులన్నీ సమానంగా రావాలి. మిగతావాటిలో కాస్త అటూ ఇటూ అయినా ఈ రెండింట్లో మాత్రం రాజీ పడొద్దు.

ముందు ఎత్తుల సంగతి. మీ ఇల్లు కట్టినప్పుడు వాకిలి నుంచి వరండాకి 30 అంగుళాలు. నాలుగు మెట్లు, ఐదో అడుగు వరండా మీదకి. ప్రతి అడుగూ 6 అంగుళాలు. తర్వాత వీధిలో సిమెంటు రోడ్డు పడింది. వాననీళ్ళు లోపలికి వస్తున్నాయని మీరూ వాకిలి 4 అంగుళాలు మెరక చేయించారు. దాంతో కింది మెట్టు సగానికి పైగా పూడిపోయి 2 అంగుళాలే మిగిలింది. ఇప్పుడు మేస్త్రి చెప్పినట్టు సిమెంటూ గ్రానైటూ కలిపి 2 అంగుళాల మందం వేస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడు. కింది మెట్టు 4 అంగుళాలవుతుంది. మధ్య మూడూ ఒకేలా లేస్తాయి గనక వాటి ఎత్తు 6 అంగుళాలే. వరండా లేవదు కాబట్టి ఆఖరి అడుగు 4 అంగుళాలకి దిగుతుంది. నాలుగు, ఆరు, ఆరు, ఆరు, నాలుగు. మొదటి అడుగు తప్పుగా నేర్పుతుంది, ఆఖరి అడుగు మోసం చేస్తుంది.

మెట్లెక్కేవాళ్ళు ప్రతి మెట్టునీ చూసి ఎక్కరు. మొదటి ఒకటి రెండు అడుగులతో కాలికి ఆ ఎత్తు పట్టుబడిపోతుంది, ఆ తర్వాత మనసు వేరేచోట ఉంటుంది. చేతిలో పూజ సామానో, చంకలో పిల్లాడో ఉంటే చెప్పనే అక్కర్లేదు. అందుకే అమెరికాలో ఇళ్ళ నిర్మాణ నిబంధనలు ఒక మెట్ల వరుసలో అన్నిటికన్నా పెద్ద ఎత్తుకీ చిన్న ఎత్తుకీ తేడా 9.5 మిల్లీమీటర్లు దాటకూడదని కట్టడి చేశాయి. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదనీ, అడుగు పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదనీ అంటుంది. అవి హద్దులు. ఆ హద్దు దాకా వెళ్ళి కట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి 190 మిల్లీమీటర్ల మెట్టు చాలా ఎక్కువ.

మీకు ఇప్పుడున్న మొత్తం ఎత్తు 26 అంగుళాలు, అంటే 66 సెంటీమీటర్లు. దాన్ని ఐదు భాగాలు చేస్తే అడుగుకి 13.2 సెంటీమీటర్లు వస్తుంది. పెద్దవాళ్ళకి చాలా హాయైన ఎత్తు అది. ఇక వెడల్పుకి ఒక పాత సూత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాంస్వా బ్లాండెల్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి చెప్పిన లెక్క అది. మెట్టు ఎత్తుకి రెండింతలూ, వెడల్పూ కలిపితే మనిషి మామూలుగా వేసే అంగకి సరిపోవాలి. మన కొలతల్లో 24 అంగుళాలకి అటూ ఇటూగా పెట్టుకుంటే చాలు. ఈ లెక్కన మీ మెట్టు వెడల్పు 13న్నర అంగుళాలు. నాలుగు మెట్లకి నాలుగున్నర అడుగుల జాగా కావాలి. గేటు నుంచి వరండా దాకా మీకు అంతకన్నా ఎక్కువే ఉంది, కాబట్టి మెట్టు బయటికొచ్చి మునిసిపాలిటీ కాలవ మీద పడే బాధ లేదు. మీ అత్తగారు బేసి లెక్క ఉండాలంటారు కదా, వరండాతో కలిపి ఐదు అని చెప్పు. ఆవిడ మాటా నిలుస్తుంది, కొలతా నిలుస్తుంది.

ఇక పాతవి ఎందుకు పగలగొట్టాలి అంటావా? అన్ని మెట్లనీ పగలగొట్టమని నేను అనను. అంచులు మాత్రం రాలి, లోపల గట్టిగా ఉన్నవాటికి ఆ అంచు చెక్కి అతుకు వేస్తే చాలు. మీవి ఆ కోవలోవి కావు. రెండో ఫోటోలో చూడు, పై మెట్టుకీ వరండా గోడకీ మధ్య వేలు దూరే సందు ఉంది. మెట్లన్నీ ఒక ముక్కగా ముందుకి ఒరిగాయి. ఇల్లు కట్టిన రోజుల్లో పునాది పక్కన తవ్విన గోతిలో అదే మట్టిని వదులుగా నింపి, దానిమీద ఇటుకతో మెట్లు కట్టి ప్లాస్టరింగ్ చేశారన్నమాట. మీ వైపు డెల్టా బంకమట్టి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. దానికి తోడు ఆ సందులోంచి ఏటా వాననీళ్ళు దిగుతున్నాయి. దీనిమీద ఎంత మంచి గ్రానైటు వేసినా కింద నేల కదులుతూనే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే చిన్న సుత్తితో మెట్ల మీద అక్కడక్కడా తట్టి చూడు. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా పైపూత ఇటుకని వదిలేసిందని అర్థం. అలా వదిలేసిన పూత మీద మళ్ళీ పూత నిలవదు.

కాంక్రీటు మెట్ల పైభాగం ఇసుకలా రాలిపోవడానికి వేరే కారణం ఉంది. ఇది ఇప్పటికీ ప్రతి ఊళ్ళో జరుగుతోంది, కాబట్టి దగ్గరుండి చూసుకో. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తారు, పారతో లాగడం తేలికని. కాసేపటికి ఆ నీరు పైకి తేలుతుంది. అది ఆరేదాకా ఆగే ఓపిక లేక పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దేస్తారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది. కానీ ఆ పైపొర బలహీనంగా తయారవుతుంది, కొన్నేళ్ళకే పొడిపొడిగా లేచిపోతుంది. అందుకని మేస్త్రికి ముందే చెప్పు: పైన నీటి మెరుపు ఉన్నంతసేపూ తాపీ పెట్టొద్దు, పొడి సిమెంటు చల్లొద్దు. 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్ళు 30 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. గొట్టంతో పోయనివ్వకు, బకెట్లతో కొలిచి పోయించు.

ఆ నీళ్ళు కూడా బోరువి వద్దు. బందరులో బోరునీళ్ళు ఉప్పన అని నీకు నేను చెప్పాలా. కుళాయి నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోండి. ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇనుము సంగతి కూడా చెబుతాను. మేస్త్రి చువ్వలు కట్టి వేద్దామంటే వద్దను. కింద నేలంతా ఆనుకుని ఉండే ఇంత చిన్న మెట్లకి ఇనుము పని లేదు. సముద్రపు గాలిలో, రోజూ కడిగే మెట్లలో చువ్వ తుప్పు పట్టిందంటే అసలుకన్నా కొన్ని రెట్లు ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి చీల్చేస్తుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో దట్టంగా వేసిన కాంక్రీటు చాలు. పాళ్ళు తట్టలతో ఉజ్జాయింపుగా కాకుండా కొలత పెట్టెతో వేయించు.

నేల పని దగ్గర మాత్రం తొందర పడనీయకు. అసలు డబ్బు పెట్టాల్సింది అక్కడే. పగలగొట్టే ముందు ఆ కింద నీళ్ళ పైపు గానీ, కరెంటు ఎర్తు తీగ గానీ ఉన్నాయేమో అల్లుడుగారిని కనుక్కోమను. బంకమట్టిని కనీసం రెండడుగుల లోతు తీయించి పారబోయించు. దాని బదులు గ్రావెల్ నింపాలి. ఒక్కసారే నింపి పైన దిమ్మిస కొడితే అడుగున వదులుగానే ఉండిపోతుంది. ఆరంగుళాలు పోయడం, తడపడం, దిమ్మిస కొట్టడం, మళ్ళీ ఆరంగుళాలు. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ నిలబడండి. తర్వాత 4 అంగుళాల బెడ్ కాంక్రీటు, దానిమీద మెట్లు. కొత్త మెట్లని ఇంటి గోడకి అతికించొద్దు. మధ్యలో అరంగుళం థర్మోకోల్ షీటు నిలబెట్టి పోయమను. తర్వాత పైన కాస్త మేర అది తీసి సీలెంటు నింపితే నీళ్ళు దిగవు. ఇల్లు ఒకలా, మెట్లు ఒకలా కదిలినా ఒకదాన్నొకటి చీల్చుకోవు.

పైన రాయి వేయాలా అని అడిగావు. నా ఓటు వట్టి కాంక్రీటుకే. పైభాగం తేమ ఆరీ ఆరకముందు చీపురుతో అడ్డంగా సన్నని గీతలు లాగిస్తే వానలో కూడా పాదం జారదు. అంచు కాస్త గుండ్రంగా తీయించు, పదునుగా ఉంటే త్వరగా విరుగుతుంది. మీ ఇంట్లో అందరికీ రాయే కావాలంటే నేను కాదనను. చీమకుర్తి నల్లరాయి అందంగా ఉంటుంది నిజమే, కానీ ఆరుబయట మెట్టుకి అద్దంలాంటి పాలిష్ పనికిరాదు. మంటతో గరుకు చేసిన రాయి అడుగు. కొనేముందు ముక్క మీద నీళ్ళు పోసి వట్టికాలు పెట్టి చూడు.

రాయి వేస్తే కింద కాంక్రీటు లెక్క మారుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. రాయీ, దానికింద మాలూ కలిపి 4 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు కాంక్రీటులో మొదటి మెట్టు 9.2 సెంటీమీటర్లే పోయాలి, తర్వాతి మూడూ 13.2 చొప్పున, వరండాకి ఆఖరి ఎత్తు 17.2 మిగలాలి. అప్పుడు చూస్తే ఎగుడుదిగుడుగా, తప్పు కట్టినట్టు ఉంటుంది, ఎవరో ఒకరు వచ్చి అంటారు కూడా. కంగారుపడకు. రాయి పడ్డాక ఐదూ 13.2కి వచ్చేస్తాయి. రాయి మందం తేల్చుకోకుండా కాంక్రీటు మాత్రం పోయించొద్దు. ప్రతి మెట్టూ ముందుకి 4, 5 మిల్లీమీటర్లు వాలుగా ఉండేట్టు రసమట్టంతో చూపించమను, నీళ్ళు నిలిస్తే నాచు పడుతుంది.

పోసిన మర్నాటి నుంచీ గోనె సంచులు కప్పి తడుపుతూనే ఉండాలి. ఇప్పుడు దొరికే సిమెంటు ఎక్కువగా బూడిద కలిసినదే కాబట్టి రెండు వారాలు తడపడం మంచిది. పొద్దునా సాయంత్రం రెండు చెంబులు చిలకరించి వదిలేయడం కాదు, సంచి ఎప్పుడు ముట్టుకున్నా తడి తగలాలి. ఆ రోజుల్లో మీ అత్తగారిని పెరటి గుమ్మంలోంచే తీసుకెళ్ళండి. చెక్క వేసి దాటిద్దామని చూడొద్దు. తుపానుల రోజులు దాటి సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే వానా ఉండదు, మండుటెండా ఉండదు.

కమ్మీ పెట్టించడం ఖర్చు అనుకోకు. రెండు పక్కలా, నడుం ఎత్తున, పిడికిట్లో ఇమిడే గుండ్రటి గొట్టం. కింద మొదటి మెట్టుకి ఇవతలికి ఒక అడుగు పొడవు ఎక్కువ రావాలి. కాలు ఎత్తకముందే చెయ్యి ఆసరా పట్టుకోవాలి కదా. మామూలు స్టీలు 304 రకం, సముద్రం దగ్గర దానికి తుప్పు మచ్చలు పడతాయి. 316 రకం అడిగి తీసుకో. మెట్ల మీద పడేట్టు ఒక దీపం, దాని స్విచ్చి గుమ్మం లోపల చేతికందే చోట పెట్టించు. ముగ్గు పిండితో రోజూ పెట్టుకో, కానీ పండక్కి ఎనామిల్ రంగులతో మెట్ల మీద ముగ్గులు వేయొద్దు. తడిస్తే ఆ రంగు మీద కాలు నిలవదు.

మేస్త్రితో గొడవ పడకు. అతను అడిగిన కూలి తగ్గించకుండా ఇచ్చి, కొలతల దగ్గర మాత్రం గట్టిగా ఉండు. పగలగొట్టడం అయ్యాక వరండా పక్క గోడ మీద బొగ్గుతో ఐదు గీతలు గీయించు, 13.2 సెంటీమీటర్లకి ఒకటి. ఆ గీతల పక్కన టేపు పెట్టి ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా కాంక్రీటు కలపొద్దని మేస్త్రికి చెప్పు.

మీ అత్తగారికి నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మావయ్య