వేసవి ప్రయాణములో తప్పిపోయిన బాలుడు
పాఠ్యభాగము: లూకా 2:41–52

ప్రియులారా, వేసవి సెలవులలో మన యిండ్ల పెండ్లిండ్లకు ఏలూరునుండి, తాడేపల్లిగూడెమునుండి చుట్టములు వత్తురు. మరునాడు పిల్లలను వెంటబెట్టుకొని, కైకలూరు చెంత ఆటపాక పక్షుల కేంద్రమునకో కొల్లేటి గట్టుకో పోవుదురు. ఇది తప్పు కాదు. యోసేపు మరియలును ఏటేట పస్కా పండుగకు బంధువులతో కూడి యెరూషలేమునకు వెళ్లుచుండిరి.

యేసునకు పండ్రెండేండ్లప్పుడు, తిరుగు దారిలో, బాలుడు గుంపులో నున్నాడనుకొని వారొక దినమంతయు నడచిరి. వారు అజాగ్రత్తపరులు కారు. చుట్టూ అందరును మనవారే యను ధైర్యమే వారిని మోసపుచ్చెను. మూడు దినములకు దేవాలయములో కనబడెను. అప్పుడు మరియ అడిగిన మాటలో కోపమెంతో, దుఃఖమెంతో తల్లులకు తెలియును.

గట్టుమీదను ఇంతే. తండ్రి “వాడు మామయ్యతో నున్నాడులే” అనును. మామయ్య, తల్లి యొద్ద నున్నాడనుకొనును. వేసవికి కొల్లేటి నీరు తీసినను చేపల చెరువులలో నీరుండును, గట్టు జారును. ఒక్క నిమిషము చాలును.

కాబట్టి ఆదివారమైనచో ఆరాధన ముగిసిన పిమ్మటనే ఆటో ఎక్కుడి. ఎక్కకముందే ఏ బిడ్డ ఎవరి బాధ్యతయో పేరు పెట్టి అప్పగించుడి. ఇల్లు చేరిన రాత్రి ఈ భాగమును ఆ పిల్లలచేతనే చదివింపుడి.