ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర : అంతర్జాల గ్రంథసంచయ సాక్ష్యం

విశ్వవిద్యాలయ చరిత్రకు శాసనాలు, వార్షిక నివేదికలు, స్నాతకోపన్యాసాలు ప్రధానాధారాలని సాధారణాభిప్రాయం. ఉస్మానియా విషయంలో వీటికి తోడు మరొక ఆధారం లభ్యమవుతున్నది. భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని వేలాది గ్రంథాలకు ఛాయాప్రతులు తీయడం జరిగింది. నేడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నవి.

ఈ ప్రతులలో గ్రంథపాఠానికి ముందున్న పుటలను పరిశోధకులు సాధారణంగా దాటివేస్తారు. అది పొరపాటు. క్రామక సంఖ్య, పరిగ్రహణ సంఖ్య, గడువులోగా గ్రంథాన్ని తిరిగి ఇవ్వవలెనన్న సూచన అక్కడనే ఉంటవి. కొన్ని ప్రతులకు ఛాయాగ్రహణ సమయంలో చేర్చిన హెచ్చరిక కూడ కలదు: ఒకటి తడిసిన గ్రంథం, ఒకటి బిగుతు కుట్టుగలది, మరొకటి పుటలు లోపించినది. తడిసినదన్న మాట చూడగానే 1908 నాటి మూసీ వరద స్ఫురించవచ్చు. కాని విశ్వవిద్యాలయం ఏర్పడినది 1918లో! ఇట్టి ఊహలకు తావీయరాదు. ఇక సూచికలో తెలుగు గ్రంథనామాలు రోమను లిపిలో పలువిధాల వికృతమై ఉన్నవి. ఒకే గ్రంథాన్ని నాలుగైదు వర్ణక్రమాలతో వెదకనిదే అది లేదని నిర్ణయించరాదు.

అసలు చిక్కు వేరొకటి. 1917లో నెలకొన్న అనువాద విభాగం, దారుల్ తర్జుమా, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. 1919లో తరగతులు ఆరంభమైనవి. 1948 వరకు బోధనాభాష ఉర్దూ. భౌతిక, రసాయన, వైద్యాది శాస్త్రాలకు పారిభాషిక పదాలను ఎట్లు కల్పించాలన్న చర్చ ఆనాడే విస్తృతంగా సాగింది. ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం ఈ విషయంపైననే 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' రచించాడు. అరబీ, పారసీక ధాతువుల నుండి పదాలను నిష్పన్నం చేయడమా, వాడుకలోని దేశ్యాలను గ్రహించడమా అన్నది అందలి ముఖ్య సమస్య. సంస్కృత పదాల విషయంలో తెలుగు పరిభాషా నిర్మాతలు ఎదుర్కొన్నదీ ఇదే. 1968లో ఇదే నగరంలో ఏర్పడిన తెలుగు అకాడమి పదకోశాలతో ఆ గ్రంథాన్ని సరిపోల్చి చూడడం ఫలవంతమైన పరిశోధనాంశం. కాని ఉర్దూ లిపి రాని పరిశోధకునికి ఈ మూడు దశాబ్దాల చరిత్ర కంటికి కనిపించీ కనిపించనిదే. ఆంగ్ల, తెలుగు గ్రంథాలు మాత్రమే చూచి ఉస్మానియా చరిత్ర వ్రాయబూనడం సాహసమే అవుతుంది. రాయప్రోలు సుబ్బారావు ఆచార్యులుగా ఉన్న తెలుగు శాఖ స్థితిని నిర్ణయించుటకు సైతం నాటి పాలనాభాషలోని ఆధారాలు తప్పవు.

గ్రంథాలయంలో చేరని చరిత్ర కూడ కొంత కలదు. 1938లో వందేమాతర గీతాలాపన కారణంగా బహిష్కృతులైన విద్యార్థులలో అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు. వారి చదువుల వివరాలకు ఉస్మానియా ఛాయాప్రతులు చాలవు. నాగపూరు ప్రవేశ పట్టికలను పరిశీలించవలసి ఉంటుంది.